మా సుజాత బొంత వెనకవైపు

ఈ రోజు మహబూబ్‌నగర్‌లో కొత్తరకం బొంతల ప్రదర్శనకు వెళ్లాను. అబ్బబ్బ, ఎంత అందమో! ఒక బొంత మీద సీతాఫలాలు నిజంగా కాసినట్టే ఉన్నాయి. మా బిడ్డ సుజాత పాత చీరలతో కుట్టిన బొంత కూడా అక్కడే వేలాడదీశారు. కానీ దాని ముందు ఎవరూ ఆగడం లేదు. బిడ్డ ముఖం చిన్నబోయింది. నేను ఉండబట్టలేక వెళ్లి బొంతను తిరగేశాను.

"ఓ తాతా, బొంతలు ముట్టొద్దు!" అని ప్రదర్శన చూసుకునే అమ్మాయి అరిచింది.

"పనితనం ఎనకవైపే తెలుస్తది బిడ్డా. జర చూడు, ఒక్క ముడన్న కనవడ్తుందా?"

ఆ అమ్మాయి వంగి చూసింది. నలుగురు ఆడవాళ్లు మూగారు. "అక్కా, గిట్ల కుట్టుడు మాకు గూడ నేర్పుతవా?" అని సుజాతను అడిగారు. అప్పుడు నా బిడ్డ నవ్విన నవ్వు చూసి కండువాతో కళ్లు తుడుచుకున్నాను.

ముట్టొద్దన్నది ముట్టుకున్నాను, తప్పంటారా? అనండి, నాకేం బాధ లేదు!