పాడినవారు: తెలియదు

మొన్న నల్లగొండ నుంచి హుజూర్‌నగర్ పోయే బస్సులో నా పక్క సీటులోని అమ్మాయి ఫోన్‌లో పాట పెట్టుకుంది. పాట ఎత్తుకోగానే గుర్తుపట్టాను, అది మా అక్క గొంతు. సంతోషంగా తెర వైపు తొంగి చూస్తే, పాట పేరు కింద 'పాడినవారు: తెలియదు' అని ఉంది. ఆ పిల్లతో చెబుదామనుకునేలోపే పాట మార్చేసింది. నాకు మాత్రం దిగేదాకా ఒళ్లు మండుతూనే ఉంది. తెలియకపోవడమేమిటి? కట్టంగూరు చుట్టుపక్కల నాట్లు వేసే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది కదా.

తెలంగాణ వచ్చిన కొత్తలో కట్టంగూరు సడక్ పక్కన మా ఇంటాయనకు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండేది. మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది, అప్పట్లో పాటలు కావాలంటే మెమరీ కార్డు పట్టుకుని ఇలాంటి దుకాణానికే వచ్చేవారు. ఆయన ఫోన్లు విప్పుతుంటే నేను కంప్యూటర్ ముందు కూర్చుని గొర్ల కాపరులకూ, పత్తి ఏరే ఆడవాళ్లకూ, లారీ డ్రైవర్లకూ పాటలు ఎక్కించేదాన్ని. ఏ పాట వచ్చినా దాని పేరేమిటో, పాడిందెవరో కనుక్కుని తెలుగులో కొట్టి పెట్టడం నాకు పట్టింపు. పేరు లేని పాటను కార్డులో వేస్తే, పెళ్లికి వచ్చిన చుట్టాన్ని ఎవరని అడగకుండానే విస్తరి ముందు కూర్చోబెట్టినట్టు ఉండేది.

అక్క గొర్ల మంద వెంట తిరుగుతూ పాటలు కట్టుకున్న మనిషి. ఆ రోజుల్లో మన యాస పాటకు గిరాకీ పెరిగి, నల్లగొండలో ఒక స్టూడియో ఆయన ఆమెను పిలిపించి కొన్ని పాటలు పాడించుకున్నాడు. వాటి మీద నేనే అక్క పేరు 'కొమురమ్మ' అని కొట్టి ఊళ్లోని ఫోన్లన్నిటిలో నింపాను. తర్వాత అవి ఎన్ని చేతులు మారాయో గాని, ఆ పేరు ఊడగొట్టి ఎవరికి వారు తమ దుకాణం పేరు తగిలించుకున్నారు. గొంతు ఉంచుకుని మనిషిని తీసేశారు.

ఒకసారి బంధువుల పెళ్లిలో డీజే అక్క పాట వేశాడు. అక్క సంబరంగా అతని దగ్గరికి పోయి, "బిడ్డా, గిది నేను పాడిన పాటనే" అంది. అతను ఫోన్ తెర చూపించి, "గీడ నీ పేరు ఏడుందవ్వా? ఊకె చెప్తున్నవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్కకు చదువు రాదు. ఆ తెర మీద ఏం రాసి ఉందో తెలియక, అబద్ధం దొరికిపోయిన మనిషిలా తల వంచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరునాడే ఆమెను వెంటబెట్టుకుని స్టూడియోకు పోయాను. ఆయన చాయ్ తెప్పించి, "పేరుతోని ఏం పని చెల్లె? పాటైతే మోగుతాంది గద" అన్నాడు. "మరి బయట బోర్డు మీద నీ పేరెందుకు రాసుకున్నవ్ అన్నా?" అన్నాను. చాయ్ అక్కడే వదిలి లేచి వచ్చాము.

తర్వాత, ఆ పాటలు పేరు లేకుండానే చేరిన యాప్ వాళ్లకు అక్క పేరు పెట్టమని రాస్తే రుజువు కావాలన్నారు. సొంత గొంతుకు కూడా రుజువా? కోపం దిగమింగుకుని, అక్కను మంద దగ్గరే నిలబెట్టి అదే పాట పాడించి వీడియో పంపాను. మళ్లీ మళ్లీ రాయగా చివరికి ఆ ఒక్క పాటకు పేరు చేర్చారు. పోయి చదివి వినిపిస్తే, అక్క ఆ అక్షరాల వైపు చూసి, "మరి కడమ పాటలు ఎవ్వలు పాడిండ్రంట?" అని అడిగింది.

ఇప్పుడు అక్క పాడటం లేదు, నాలుగు మాటలకే దమ్ము వచ్చి ఆయాసపడుతుంది. మా చిన్నతనంలో ఒక చెలకలో ఎవరైనా పాట అందుకుంటే, గట్టు అవతల కలుపు తీసేవాళ్లు నడుం ఎత్తి, "ఎవ్వలు పిల్లా పాడేది?" అని కేకేసి అడిగేవారు. ఇటు నుంచి పేరు చెప్పాకే అటువాళ్లు గొంతు కలిపేవారు. ఇప్పుడు కావలసినన్ని పాటలు అరచేతిలోనే ఉన్నాయి. అలా కేకేసి అడిగే మనిషి కోసమే నా చెవులు వెతుక్కుంటున్నాయి.