అక్క అడగని ఒక్క ఇల్లు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. లిఫ్టులో ఎదురుపడితే ఫోన్ చూసుకుంటోంది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆ అమ్మాయి కుక్కపిల్ల కోసం, వాటిని పెంపకానికిచ్చే వాళ్లెవరికో దరఖాస్తు పెట్టుకుని, తెలిసినవాళ్ల పేరు రాయమంటే నా పేరు రాసింది. రిటైరైన టీచరమ్మ కదా, నాలుగు మంచి మాటలు చెబుతుందనుకుంది పాపం. వాళ్లు ఫోన్ చేసి, "మీరు వాళ్లిల్లు చూశారా మేడం?" అని అడిగారు. చూసి చెబుతానన్నాను. పైకెళ్లి టీ తాగాను, బాల్కనీ చూశాను, మొగుడూ పెళ్లాలు ఎన్నింటికి ఆఫీసుకు పోతారో ఎన్నింటికి వస్తారో కనుక్కున్నాను. తర్వాత ఫోన్ చేసి, "మంచి పిల్లలే, కానీ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఇంటికి తాళం ఉంటుంది, ఇప్పుడైతే ఇవ్వకండి" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈ సుచిత్ర ప్రాంతంలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను, ఇరుగుపొరుగుతో ఇంత చెడ్డపేరు ఎప్పుడూ తెచ్చుకోలేదు. తెచ్చుకోవడానికి కారణం మా అక్క.

మా అక్కది మేడ్చల్. బావ పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేశాడు. బదిలీ అయిన ఆఫీసరొకాయన పోతూ పోతూ ఒక ఆడ లాబ్రడార్‌ను బావకు అప్పగించి పోయాడు. అలా మొదలైంది. రెండేళ్లకోసారి ఈత, ఏడెనిమిది పిల్లలు. అంతకంటే ఎక్కువ ఈతలకు అక్క ఒప్పుకునేది కాదు. "ఆడదాని ఒళ్లు, అదేమన్న మిషినా?" అనేది. పిల్లలన్నీ ఒకే రంగు కాబట్టి గుర్తుకోసం మెడలో రంగురంగుల దారాలు కట్టేది. ఎర్రదారంది, పచ్చదారంది అనేదే తప్ప పేర్లు పెట్టేది కాదు. పేరు పెట్టుకోవడం తీసుకుపోయేవాళ్ల హక్కు అని ఆమె లెక్క. ఆ ఇంట్లో ఎప్పుడు అడుగుపెట్టినా పాల వాసనా ఫినాయిల్ వాసనా కలిసి వచ్చేవి, నా చీర కుచ్చిళ్లకు కనీసం రెండు పిల్లలు వేలాడేవి.

పిల్లల్ని పెంచడం ఒక ఎత్తు, ఇవ్వడం ఒక ఎత్తు. వచ్చినవాళ్లను నేరుగా పిల్లల దగ్గరికి పోనిచ్చేది కాదు. రేకుల షెడ్డు కింద కుర్చీలు వేసి, సల్ల గ్లాసులిచ్చి, ముందు తల్లిని వదిలేది. కుక్కను కొనడానికి వచ్చి కుక్కను చూసి కుర్చీ మీదికి కాళ్లు ఎత్తుకున్న మహానుభావులను నేనే చూశాను. తర్వాత ప్రశ్నలు. పగటిపూట ఇంట్ల ఎవరుంటరు? సొంతిల్లా, కిరాయిదా? కిరాయిదైతే ఓనర్‌తోటి ఇప్పుడే ఫోన్‌ల మాట్లాడిపియ్యి. ఇంతకుముందు కుక్క ఉండెనా? ఉంటే ఎట్ల సచ్చిపోయింది? ఈ చివరి ప్రశ్నకు తడబడితే ఆ మనిషి సల్ల తాగి వెళ్లిపోవడమే. అన్నీ సరిపడ్డా రెండు నెలలు నిండందే పిల్ల గడప దాటేది కాదు. ఇచ్చేటప్పుడు సూదుల కార్డు చేతిలో పెట్టి, "మీకు సాతగాకుంటే నాకే తెచ్చియ్యాలె. రోడ్డు మీద ఇడ్సిపెడితె ఊకోను" అని వేలు చూపించి మరీ చెప్పేది.

గండిమైసమ్మ దగ్గర ప్లాట్లు కొన్న ఒకాయన, కట్టని ఇంటికి కాపలాగా పిల్ల కావాలని వచ్చాడు. "అన్నా, నీకు కావాల్సింది కుక్క గాదు, కాంపౌండు గోడ. అదైతె తిండి అడగది" అని పంపించేసింది. ఆయన పోతూ పోతూ గేటు దగ్గర, "ఆడపిల్లనిచ్చినట్టు జేస్తున్నవేంది తల్లీ!" అన్నాడు. అక్క ఊరుకుంటుందా? "మా పిల్లనిచ్చినప్పుడు ఇన్ని అడగలే" అంది. అది నిజమే. కూతురిని తూంకుంటలో ఇచ్చినప్పుడు ఇల్లు చూశారు, పొలం చూశారు, పిలగాని ఉద్యోగం చూశారు, అంతే.

అన్నిటికంటే నాకు నచ్చిన ప్రశ్న ఇంకొకటి ఉండేది. ఇంట్లో కుక్క ఎవరికి కావాలో ఆమె అడిగేది కాదు. ఎవరికి వద్దో అడిగేది. "వద్దన్నోళ్లను తోల్కరాండ్రి, వాళ్లతోటి మాట్లాడాలె" అనేది. అలా ఒక కుటుంబం వచ్చింది. తండ్రీ కొడుకులు ఉబలాటపడుతున్నారు, ఆ ఇంటి ఇల్లాలు మాత్రం మూతి ముడుచుకుని కూర్చుంది. "వీళ్లకేం, ముద్దు చేస్తరు, పోతరు. ఎత్తిపోసుడు, కడుగుడు నాకే గద" అని కడుపులో ఉన్నదంతా కక్కేసింది. అక్క లేచి, పసుపుదారం పిల్లను తెచ్చి నేరుగా ఆమె ఒళ్లో పెట్టింది. "గీమెకు తెలుసు ఎంత పనున్నదో. తెలిసినోళ్లకే ఇస్త" అంది. నెల తిరక్కుండా ఆవిడ దగ్గర్నుంచి రోజూ ఫోన్లే. పెరుగన్నం పెట్టొచ్చా, చలికి స్వెట్టర్ కుట్టించాలా అని. అక్క తల పట్టుకునేది.

ఇంత నోరున్న మా అక్క ఒక్క మనిషి ముందు మాత్రం నోరు తెరవలేకపోయింది. ఆయన వియ్యంకుడు. ఒక బోనాల భోజనాల్లో ఆయన మాటవరసకు అన్నట్టు, "మాక్కూడ ఒక పిల్లనియ్యి చెల్లె, శామీర్‌పేట తోటల ఉంటది" అన్నాడు. అక్క నవ్వి తలూపింది. ఇంటికొచ్చాక నిద్ర పోలేదట. తోటలో ఉంటుంది అనే మాట మరొకరు అని ఉంటే ఆ క్షణమే గేటు చూపించేది. ఆదివారం ఆదివారం మనుషులు పోయే తోటకు ఆమె ఎవరికీ పిల్లనిచ్చింది లేదు. కానీ కూతురినిచ్చిన చోట, మగపెళ్లివారి పెద్దను కూర్చోబెట్టి, మీ ఇంట్లో పగటిపూట ఎవరుంటారని ఎలా అడుగుతుంది? బావ కూడా, "వియ్యంకుని పరీక్ష జేస్తవా? రేపు పిల్లకు మాటొస్తది" అన్నాడు. అందుకని నన్ను పిలిచింది. "నువ్వు ఊకెనే తోట సూడనీకి పోయినట్టు పొయ్యి రా. కుక్క యాడుంటది, రోజూ దాని దగ్గర ఎవరుంటరు, గీ రెండు తెలిస్తె సాలు. నువ్వు ఎట్లంటె అట్ల" అంది.

వెళ్లాను. ఆదివారం. కారు పంపించారు. తోట నిండా మనుషులు, పొయ్యి మీద బిర్యానీ, పిల్లల అరుపులు. వియ్యంకుడు తన చేత్తో జామకాయలు కోసి, ముక్కలు చేసి, ఉప్పూకారం చల్లి పెట్టాడు. మంచి మనిషి, ఇప్పటికీ అదే అంటాను. బోరు మోటారు గది పక్కన స్తంభానికి కొత్తగా బిగించిన ఇనుప కడ్డీ, దానికి రెండు మూరల గొలుసు కనిపించాయి. కుక్క ఇంకా రానేలేదు, గొలుసు వచ్చేసింది. కుక్కను ఇక్కడే కట్టేస్తారా, మీరంతా వెళ్లిపోయాక ఎవరుంటారు అని అడగడానికి నోటిదాకా వచ్చింది. అప్పుడే ఆయన నా పళ్లెంలో ఇంకో నాలుగు ముక్కలు వేసి, "తిను చెల్లె, మా చెట్టువే" అన్నాడు. నేను తిన్నాను. సాయంత్రం అక్కకు ఫోన్ చేసి తోట మస్తుందన్నాను. "పగటిపూట ఎవరుంటరట?" అని అడిగింది. "అందరుంటరక్కా" అన్నాను. పచ్చి అబద్ధం. అడిగి ఉంటే ఒక వాచ్‌మన్ పేరు చెప్పేవారేమో, అదీ నేను అడగలేదు.

పచ్చదారం పిల్ల వెళ్లింది. ఎనిమిది నెలల తర్వాత అక్క కూతురు నాకు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "చిన్నమ్మా, నేను చెప్పిన్నని అమ్మకు తప్ప ఎవ్వరికి తెల్వద్దు. వాచ్‌మన్ ఊరికి పొయ్యి అయిదు దినాలైతాంది. కుక్కకు ఎవలన్న ఇంత అన్నం పెడుతున్నరో లేదో. మామనడిగితె పక్క తోటోళ్లకు చెప్పిన అంటుండు. నాకెందుకో పరేషానైతాంది." వెంటనే మేడ్చల్ పోయి అక్కకు అంతా చెప్పేశాను, కడ్డీ సంగతి, గొలుసు సంగతి, నేనాడిన అబద్ధం సంగతి. తిడుతుందనుకున్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుంది. బావ మందుల సంచి తీసుకున్నాడు. ముగ్గురం ఆటో ఎక్కాం.

మిట్టమధ్యాహ్నం. గేటుకు తాళం లేదు, గొళ్లెమే. కుక్క ఆ స్తంభం దగ్గరే ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఎవరో విసిరిన రొట్టెలకు చీమలు పట్టాయి, తొట్టిలో నీళ్లు అడుగంటి పాచి పట్టాయి. పిల్లగా ఉన్నప్పుడు మెడకు పెట్టిన పట్టీని ఎవరూ వదులు చేయలేదు. మెడ పెరిగింది, పట్టీ పెరగలేదు, మాంసంలోకి దిగిపోయింది. బావ కత్తెరతో మెల్లగా కోస్తుంటే అది మూలిగింది కానీ కరవలేదు. బావ చెయ్యే నాకింది. "అయ్యో బిడ్డా, అయ్యో బిడ్డా" అని అక్క మట్టిలో కూలబడి ఏడ్చింది. నేను మోటారు గది వెనక్కి పోయి ఏడ్చాను. నా ఏడుపు వాళ్లకు చూపించే అర్హత నాకు లేదనిపించింది.

కుక్కను ఆటోలో ఎక్కించాక బావ మేడ్చల్ పొమ్మన్నాడు. అక్క, "తూంకుంటకు పోనియ్యి" అంది. "పిల్ల కాపురం జర యాది చేస్కో" అన్నాడు బావ. "చెప్పకుంట తీస్కపోతె దొంగలమైతం. చెప్పే తీస్కపోత" అంది. వియ్యంకుడు వరండాలోనే ఉన్నాడు. మమ్మల్నీ, ఆటోలో ఉన్నదాన్నీ చూసి ముఖం ఎర్రబడింది. "ఫోన్ జేస్తె నేనే పంపిస్తుంటి గద చెల్లె" అన్నాడు. అక్క చేతులు జోడించింది. "తప్పు మీది గాదన్నా. ఊరందరినడిగిన, మిమ్ముల అడగనీకి సిగ్గుపడ్డ. అడిగుంటె మీరు వద్దనేటోళ్లే. నాకే నోరు రాలే. ఇగ దీన్ని నాతోటి పంపియ్యిండ్రి." ఆయన, "నీకెవలు చెప్పిన్రు?" అని అడిగాడు. లోపలి గుమ్మంలో అక్క కూతురు మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నేనే సూసినన్నా. అటుదిక్కు పనుండి పొయ్యి, గేట్లకెళ్లి తొంగి సూసిన" అన్నాను నేను. ఈ అబద్ధం నాకు తడుముకోకుండా వచ్చింది. ఆయన లోపలికెళ్లి సూదుల కార్డు తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. కుక్క పేరు రాయాల్సిన చోట ఖాళీగానే ఉంది.

ఏడాదిపాటు రాకపోకలు పలచబడ్డాయి. తర్వాత మనవరాలు పుట్టింది, అందరూ ఉయ్యాల దగ్గర కలుసుకున్నారు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. కుక్క అక్క దగ్గరే పన్నెండేళ్లు బతికింది. మెడచుట్టూ వెంట్రుకలు మళ్లీ మొలవలేదు, అక్క దానికి మళ్లీ పట్టీ పెట్టలేదు. నేను వెళితే నా దగ్గరికీ వచ్చేది, చీర వాసన చూసేది, పాదాల మీద పడుకునేది. దానికి నా మీద ఏ కోపమూ లేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

అక్క కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా ఇంకొన్ని ఈతలు చూసింది, ఎన్నో పిల్లల్ని ఇచ్చింది. ఎవరిల్లైనా చూడాల్సి వస్తే మోకాళ్ల నొప్పులతో తనే ఆటో ఎక్కి పోయింది. చూడాల్సిన ఇల్లు మా పక్కనే ఉన్నా సరే, చూసి రమ్మని నన్ను మాత్రం మళ్లీ పంపలేదు. ఆ రోజు జామచెట్ల కింద నేను అడగాల్సిన మాటకు అర నిమిషం పట్టేది. కొంచెం ఇబ్బందిగా గడిచేది, అంతే. ఆ అర నిమిషాన్ని నేను గడపలేదు. నా బదులు ఆ మూగజీవి ఎనిమిది నెలలు గడిపింది.