చాచాకు చెప్పని మాట

దర్జీ చాచా పోయాడని మొన్న నేను బడిలో ఉండగా కబురొచ్చింది. ఆయన ఇక ఎక్కువ కాలం బతకడని నాలుగు నెలలుగా నాకు తెలుసు. తెలియనిది ఆయన ఒక్కడికే.

నకిరేకల్ బస్టాండుకు ఎదురుగా ముందు దుకాణం, వెనక ఇల్లు. ఆయన కుట్టిన అంగీలు వేసుకుని పెరిగినవాళ్లు మీలోనూ ఉండొచ్చు. పిల్లలు ఎదుగుతారని, తర్వాత విప్పుకునేలా లోపల గుడ్డ మడిచి కుట్టేవాడు.

ప్రతివారం హైదరాబాదు బస్సులో వారపత్రిక దిగగానే మేం నలుగురు స్నేహితులం అక్కడ చేరేవాళ్లం. పత్రిక కొనేది చాచా, ముందు చదివేది మేము. పని తెమిలి సీరియల్ ఆయన చేతికొచ్చేసరికి రెండు రోజులు పట్టేది. ఈలోగా ఎవరైనా కథ ఎత్తితే, "జర ఆగున్రి, నేనింక చదువలే" అనేవాడు. ఆగకపోతే సూది కింద బట్ట లేకపోయినా మిషన్ గడగడా తొక్కేవాడు. మా మాట మాకే వినబడేది కాదు.

ఒకసారి, పెళ్లికి వేసుకుపోవాల్సిన ప్యాంటు కుట్టలేదన్న కోపంతో, సీరియల్లో హంతకుడెవరో ఆయన మొహం మీదే చెప్పేశాను.

"కొట్లాడాల్నంటే ప్యాంటు గురించి కొట్లాడు సారూ. ఏడాది సంది ఎదురుచూస్తున్న, గదే గుంజుకుంటివి" అన్నాడు. ఆ సంచిక తెరవనే లేదు. ప్యాంటు మాత్రం సాయంత్రానికల్లా ఇస్త్రీ చేసి ఇంటికి పంపాడు.

మొన్న చలికాలంలో ఆయన కొడుకూ నేనూ ఆయన్ను హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మా ఇద్దరినే లోపలికి పిలిచి చెప్పాడు. "అబ్బాకు చెప్పొద్దు సార్, దిగులుకే పోతడు" అని కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు.

తిరుగు బస్సు చౌటుప్పల్‌లో ఆగితే కొడుకు చాయ్ తేవడానికి దిగాడు. చాచా నావైపు తిరిగాడు.

"డాక్టర్ ఏమన్నడు సారూ?"

"ఏం ఫికర్ లేదు చాచా. మందులు వాడితే తగ్గుతదట."

"నేను చెప్పొద్దన్నది కథల సంగతి. గిది నా సంగతి. నాకు చెప్పాలె."

"తగ్గుతది" అన్నాను మళ్లీ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆయన నమ్మాడు. ఆలేరులో ఆయన చెల్లెలుంది. ఇంటి జాగా పంచాయితీలో పన్నెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. "పిలిపిద్దామా?" అంటే, "మంచంల వడి పిలుస్తే బాగుండదు. జర సత్తువ రానీ, నేనే పోత" అనేవాడు. సత్తువ రాదని తెలిసీ, "అట్లనే పోదాం చాచా" అనేవాణ్ణి. కొడుకు వద్దన్నాడన్నది నాకు దొరికిన సాకు. నిజానికి ఆయన ముఖంలోకి చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. దానికి దయ అని పేరు పెట్టుకున్నాను.

చెల్లెలు వచ్చేసరికి ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి తిరిగొచ్చేశాం.

"పోతడని అన్నకు ఎరుకేనా?" అని అడిగింది. లేదన్నాను.

"నీకు?"



ఆమె లోపలికి రాలేదు. దుకాణం మెట్టు మీద కూర్చుని, చెప్పులు పక్కన పెట్టుకుని, ఆలేరు బస్సులు ఒక్కొక్కటీ వెళ్లిపోతుంటే ఏదీ ఎక్కకుండా పొద్దుగూకే దాకా చూస్తూ ఉండిపోయింది.