మూయొద్దని అరిచిన కిటికీ ముందు మా ఆపా

ఆపా పోయిన సంగతి మా బాపు ఫోన్ చేసి చెప్పాడు. మిర్చి ఏరడానికి ఆయన, అమ్మ మహబూబాబాద్ వైపు, మా నోట మానుకోట వైపు, వెళ్లి ఉన్నారు. నేను హన్మకొండ హాస్టల్‌లో పళ్లెం ముందు కూర్చుని ఉన్నాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"తింటున్న బాపు."

"తిను. తిన్నంక చెప్త."

అలా అన్నాక ఎవరికి ముద్ద దిగుతుంది? బలవంతం చేస్తే చెప్పాడు. "జనగామ ఆపా లేదంట బిడ్డా. మానుకోటల చెల్లె ఇంటికొచ్చిందంట. దమ్మొస్తే దవాఖానకు కొంటవోయిన్రంట. పొద్దుగాల పానం పోయింది."

నాకు మొదట ఏడుపు రాలేదు. భయం వేసింది. వచ్చే నెల కంప్యూటర్ మీద ఒక పరీక్ష రాయాలి. ఆ గదిలో తెర బిగుసుకుపోతే నేను ఎవరి గొంతు గుర్తు చేసుకుని ధైర్యం తెచ్చుకోవాలి? ఆ గొంతు ఇక ఫోన్‌లో కూడా దొరకదు. పళ్లెం ముందు కూర్చుని నేను ఆలోచించింది ఇదే.

ఆమె మాకు చుట్టం కాదు. జనగామ బస్టాండు వెనక సందులో నాలుగు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. చిన్నవాళ్లు, పెద్దవాళ్లు, పింఛన్ కోసం వచ్చే ముసలివాళ్లు, అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలిచేవారు. నర్మెట్ట దగ్గరి మా తండా నుంచి ఏ దరఖాస్తు పెట్టాలన్నా అక్కడికే వచ్చేవాళ్లం. ఇంట్లో మాది లంబాడీ, బడిలో తెలుగు, ఆపా దుకాణంలో తెలుగూ దక్కనీ ఉర్దూ కలిసిన మాట. మాటల మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే అనుకుంటాను. కిటికీని ఆమె "కిడికీ" అనేది. తెరమీద తెరుచుకునే ప్రతి చతురస్రాన్నీ ఒక ఇంటి కిటికీలాగే చూసేది. "గీ కిడికీ సగమే తెరిసింది, గాలి వస్తలేదు" అనేది.

మా వైపు కంప్యూటర్ మొరాయిస్తే అందరికీ తెలిసిన వైద్యం ఒకటే. గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చు ఆపేయడం. కరెంటు మోటారుకు చేసినట్టే. అందుకని ఆపా స్విచ్చు బోర్డు మీద మిఠాయి డబ్బా అట్టను అడ్డంగా అతికించి పెట్టింది. అయినా ఎవరో ఒకరి చేయి దాని కిందికి దూరేది.

"మామా, చెయ్యి తియ్యి."

"గది సచ్చినట్టున్నది ఆపా. జర ఒకపాలి బందు చేసి..."

"సావలే. నిన్ను జూసి గుడ్లు మూసుకున్నది. నువ్వు పోంగనే లేస్తది సూడు."

అందరూ నవ్వేవాళ్లు, ఆ మామతో సహా. నవ్వు అయిపోయేలోపు ఆమె ఆ కిటికీని మూసి, మళ్లీ తెరిచేది. కొన్ని కిటికీలు ఎప్పుడూ మూలకు ముడుచుకుని చిన్నగానే తెరుచుకునేవి. వాటిని అంచు పట్టి లాగి నిండుగా పరిచి, అలా పరిచి ఉండగానే మూసేది. "ఎట్ల మూస్తే మల్ల గట్లనే తెరుసుకుంటది. అందుకే నిండుగ జేసి మూయాలె" అని చెప్పేది. అప్పటికీ మాట వినకపోతే దాన్ని తెరిచే బొమ్మ మీద మౌసు కుడివైపు బటన్ నొక్కి, లోపల ఎక్కడో నిండుగా తెరవమని రాసి పెట్టేది. తరువాత దానికి బుద్ధి వచ్చేది.

ఆమె పని పద్ధతి ఒకటుంది. కిటికీ బిగుసుకుపోయిందని ఎవరైనా కేక వేస్తే ముందు యంత్రం దగ్గరికి కాదు, మనిషి దగ్గరికి వచ్చేది. "చేతులు ఒళ్లె పెట్టుకో" అనేది. పెట్టుకునేదాకా ఏమీ ముట్టేది కాదు. తరువాత, "ఏం రాసున్నదో బయటికి సదువు" అనేది. ఇంగ్లీషు రాదంటే అక్షరాలు చెప్పమనేది. చదవడం పూర్తయ్యాకే ఆమె చేయి మౌసు మీద పడేది.

ఇంటర్ అయ్యాక డిగ్రీ సీటుకు ఆప్షన్లు పెట్టుకోవాల్సి వచ్చింది. అంటే, ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తరువాతో వరుసగా ఎంచుకుని, చివర ఒక బటన్ నొక్కి ఖాయం చేయాలి. నాకు హాస్టల్ ఉన్న ఆడపిల్లల కాలేజీ కావాలి. సీటు రాకపోతే ఆ ఏడాది అమ్మానాన్నలతో మిర్చి తోటలకు వెళ్లాలి. మా తండాలో నాకంటే ముందు చదివిన అక్క ఒకామె అలాగే ఒక్క ఏడాదికని వెళ్లింది. ఇప్పటికీ తోటల్లోనే ఉంది. నా బుగులు అదే. మా వైపు భయాన్ని బుగులు అంటాం. చిల్పూరు గుట్ట మీది బుగులు వెంకన్నకు మొక్కితే అది పోతుందని బాపు నన్ను ముందే తీసుకెళ్లి మొక్కించాడు.

ఆ మాట చెబితే ఆపా నవ్వింది. "మంచి పని జేసిన్రు. గుట్ట మీద ఇడిసింది పోను, ఇంక మిగిలింది నాకియ్యి."

అది చివరి రోజు. సాయంత్రంతో గడువు ముగుస్తుంది. వెబ్‌సైట్ పొద్దుటి నుంచి అందరికీ నత్తలా నడుస్తోంది. ఆప్షన్ల పేజీ విడిగా ఒక చిన్న కిటికీలో తెరుచుకుంది. నేను కాలేజీలను ఒకదాని కింద ఒకటి పేరుస్తూ ఉన్నాను. బాపు నా వెనక నిలబడి, ఏమీ అర్థం కాకపోయినా ప్రతి పేరుకూ తలూపుతున్నాడు.

ఉన్నట్టుండి తెరంతా ఎర్రబడింది. నా ఆప్షన్లు మాయమయ్యాయి. అంచులు లేని ఎర్రని కిటికీ ఒకటి తెర మొత్తాన్ని ఆక్రమించింది. స్పీకర్లోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో అరవసాగింది. మూయడానికి పైన గుర్తు కూడా లేదు.  భయానికి తెలుగులో ఉన్న మాటలన్నీ ఇప్పుడు ఏరుకుంటున్నాను, దడ, గుబులు, బెదురు, జంకు అని. ఆ క్షణానికి ఒక్కటీ సరిపోదు. నా ఒంట్లో నేను లేను.

"ఏందది? పోలీసోళ్లదా?" అని పక్క కుర్చీలోని మామ లేచి నిలబడ్డాడు.

బాపు గోడ వైపు ఉరికాడు. మిఠాయి అట్ట అడ్డం వచ్చింది. వెనక్కి వచ్చి, తెరమీద పెద్దగా కనబడుతున్న ఫోన్ నంబరు చూసి, జేబులోంచి ఫోన్ తీశాడు. బాపు ఫోన్ నంబరుకే మా ఇంటి బ్యాంకు ఖాతా, నా దరఖాస్తు, అన్నీ ముడిపడి ఉన్నాయి.

"అన్నా, ఫోన్ జేబుల పెట్టు" అంది ఆపా. గట్టిగా అనలేదు.

"నంబరిచ్చిన్రు గద ఆపా. చేయకుంటే కేసు అయితదేమో."

"పెట్టు అన్నా. బేటా, చేతులు ఒళ్లె పెట్టుకో. సదువు."

చేతులు ఒడిలో పెట్టుకున్నాను. చదివాను. మీ కంప్యూటర్‌కు తాళం పడింది. మీ వివరాలు దొంగల చేతిలో ఉన్నాయి. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఈ కిటికీని మూయకండి. ఒక్కొక్కటీ తెలుగులో చెబుతూ పోయాను.

"ఆఖరుది మల్లొక్కసారి చెప్పు."

"ఈ కిటికీని మూయకండి."

"ఇంటికి మంచికొచ్చినోళ్లు ఎవరన్న తలుపు మూయొద్దంటరా? వీడు దొంగ. అరుస్తడు, కరవడు."

ఎస్కేప్ మీటను నొక్కి అలాగే పట్టుకుంది. ఎర్ర కిటికీ కొద్దిగా కుంచించుకుని పైన గుర్తు కనబడింది. దాన్ని నొక్కితే మరో పెట్టె లేచి నిజంగా వెళ్తారా అని అడిగింది. వెళ్తామంటే మళ్లీ అదే. ఆపా ఇంకో మూడు మీటలు కలిపి నొక్కి, నడుస్తున్న పనులన్నీ వరుసగా కనబడే కిటికీ తెరిచి, ఆగింది. నా వైపు తిరిగింది.

"దీన్ని మొత్తం బందు చెయ్యాలె. చేస్తే నీ ఆప్షన్ల కిడికీ గూడ పోతది. చెప్పి చేస్తున్న."

"గది సేవ్ గాలేదు ఆపా."

"తెలుసు."

"మల్ల రాకపోతే?"

"వస్తది. రాకపోతే ఇద్దరం గల్సి ఏడుద్దం. ముందుగాలనే ఎందుకు?"

నొక్కింది. గొంతు ఆగిపోయింది. దుకాణంలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

బ్రౌజర్ మళ్లీ తెరిస్తే, ఇందాక తెరిచి ఉన్న పేజీలను తిరిగి తెమ్మంటారా అని ఒక చిన్న పెట్టె అడిగింది. నా ప్రాణం లేచొచ్చింది. అవునని నొక్కబోయాను. ఆపా నా మణికట్టు పట్టుకుంది.

"నీది ఒక్కటే రాదు బేటా. ఎర్ర షైతాన్ గూడ ఎనుకనే వస్తడు. మనం మొదటి నుంచి పోదాం."

మొదటి నుంచి వెళ్తే, మీ పేరుతో ఒకరు ఇప్పటికే లోపల ఉన్నారు, కొంతసేపు ఆగండి అని వచ్చింది. లోపల ఉన్నది నేనే. కిటికీ సరిగా మూయకుండానే తెగిపోయింది కాబట్టి అవతలివాళ్లకు నేను ఇంకా లోపలే కూర్చున్నట్టు. ఆగడం తప్ప చేసేదేమీ లేదు. గడువు మాత్రం ఆగదు. బాపు గడప మీద కూలబడ్డాడు. నేను గడియారం చూడలేక నేల చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు ఆపా తన చిన్నప్పటి సంగతి చెప్పింది. వాళ్ల నాయన భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసేవాడట. "సైరన్ మోగితే ఆడోళ్లందరు బాయి దిక్కు ఉర్కుతుండె. షిఫ్టుకు గదే మోగుతది, ఆపదకు గదే మోగుతది. మా అమ్మీ ముందుగాల నన్ను గడపల కూసోబెట్టి, చేతులు ఒళ్లె పెట్టుకొమ్మంటుండె. ఏం సైరనో ఇన్నంకనే లేస్తుండె."

"నీకు బుగులు కాకపోతుండెనా?"

"పానం పోతుండె. బుగులు పడుడు తప్పు గాదు బేటా. బుగులుతోని చేతులు ఉర్కొద్దు, గంతే."

ఆ మాట నేను ఎక్కడా రాసి పెట్టుకోలేదు. అవసరం పడలేదు.

కాసేపటికి వెబ్‌సైట్ లోపలికి రానిచ్చింది. వరుస నాకు నోటికి వచ్చు. గబగబా పేర్చాను. తీరా చివరికి వస్తే ఖాయం చేసే బటన్ లేదు. కిటికీ చిన్నది, కిందికి జరపడానికి పట్టీ లేదు, పెద్దది చేద్దామంటే ఆ గుర్తు బూడిదరంగులో చచ్చిపడి ఉంది. బాపు లేచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. 

"కిడికీ పెద్దగ కాకపోతే రాతనే చిన్నగ జేద్దం" అంది ఆపా. కంట్రోల్ మీట పట్టుకుని మైనస్ కొడుతూ పోయింది. అక్షరాలు చీమలయ్యాయి. చీమల వరుస చివర ఆకుపచ్చని బటన్ పైకి వచ్చింది.

"నొక్కు."

"నువ్వు నొక్కు ఆపా."

"సీటు నీది. ఏలు నీది గావాలె."

నొక్కాను. ఖాయమైనట్టు వచ్చింది. నేను కుర్చీలోంచి లేవబోతే కూర్చోబెట్టింది. బయటికి వెళ్తున్నామని చెప్పే మాట వెతికి నొక్కించి, ఆ తరువాతే కిటికీ మూయించింది.

చాయ్ తెప్పించింది. గ్లాసు ఎత్తితే ఆమె చేయి వణికి చాయ్ ఓణీ మీద ఒలికింది. నేను చూడటం చూసి, "నాకు బుగులు గాలేదనుకున్నవా?" అంది. దుకాణంలో అందరికంటే ఎక్కువ భయపడింది ఆమేనని అప్పుడు తెలిసింది. అందరి సీట్లు, అందరి పింఛన్లు, అందరి ఖాతాలు రోజూ ఆ చేతుల మీదుగానే పోతుంటే భయపడకుండా ఎలా ఉంటుంది? మేం లేచి వెళ్లేదాకా ఆ భయాన్ని మాకు కనబడనివ్వలేదు.

సీటు వచ్చింది. హాస్టల్‌లో చేరాక అప్పుడప్పుడు ఫోన్ చేసేదాన్ని. కొత్తగా నేర్చుకున్న తెలుగు మాట ఒకటి చెబితే, దానికి దక్కనీలో ఏమంటారో చెప్పేది. దీపావళి సెలవుల్లో దుకాణానికి వెళ్తే, ఆపా మెట్లెక్కేటప్పుడే ఆయాసపడుతోంది. దవాఖానకు పోలేదా అంటే, "ఈ దరఖాస్తుల తారీఖు అయిపోనీ" అంది. ఏదో ఒక దరఖాస్తు తారీఖు ఎప్పుడూ మిగిలే ఉంటుంది కదా.

పరీక్ష గదిని తలచుకుంటే నాకు ఇప్పటికీ భయంగానే ఉంది.  అది పోతుందని ఆపా ఎన్నడూ చెప్పలేదు కాబట్టి, పోవడం కోసం ఎదురుచూడటం మానేశాను.

ఆమెను మహబూబాబాద్‌లోనే ఖననం చేశారు. బాపు తోట నుంచి నేరుగా వెళ్లాడు. ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు. ఖబ్రస్తాన్ గేటు దగ్గర చాలాసేపు బయటే నిలబడ్డాడట, లోపలికి పోవచ్చో లేదో తెలియక, పోతే ఏం తప్పు చేస్తాడోనని. ఆపా మరిది చూసి, "రా అన్నా, నువ్వు గూడ మట్టియ్యి" అని పిలిచాడట. అందరితో పాటు వంగి దోసిట్లోకి మట్టి తీసుకున్నాడట. వారాల తరబడి మిర్చి ఏరిన చేతులు.

"పొద్దుగాల్నుంచి నిప్పుల పెట్టినట్టు మండుతున్నయ్ బిడ్డా" అన్నాడు. ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్న చప్పుడైంది. మళ్లీ అన్నాడు. "మట్టి చల్లగున్నది. ఇడువ బుద్ధి గాలేదు."