నాపరాళ్ళకు కుయ్యని పెట్టె

స్విచ్చి ఆపింది ఆయన కాదు, నేను. ఈ మాట మాచర్ల నాపరాళ్ళ డిపోలో, అందరూ నిలబడి ఉన్నప్పుడే చెప్పాల్సింది. ఐదేళ్ళు చెప్పలేదు.

ఎనభైల మొదట్లో నాకు అక్కడ రేడియోలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. మా వీధిలోనే ఉండే ఒకాయన్ని, చుట్టరికం లేకపోయినా, బాబాయ్ అని పిలిచేవాణ్ణి. క్వారీలో మందు ముందుగా పేలి ఆయన రెండు కళ్ళూ పోయాయి. అయినా రాయిని చిన్న సుత్తితో తట్టి, మోతను బట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు. డిపో షావుకారుకు ఆ సంగతి తెలుసు. "పనిస్తా. కానీ నిన్ను చెయ్యి పట్టుకుని తిప్పడానికి నాకాడ మనిషి లేడు. ఒక్కడివే తిరగ్గలిగితే రా" అన్నాడు. అప్పటికి పిన్ని కూలి మానుకుని ఆయన్ని నడిపిస్తోంది.

నేను ఒక పత్రికలో సర్క్యూట్ చూసి, మద్రాసు నుంచి సామాను తెప్పించి పెట్టె ఒకటి చేశాను. తోలుపట్టీతో రొమ్ము మీద కట్టుకోవాలి. మన చెవికి అందని చప్పుడును అది ముందుకు పంపుతుంది. ఆ చప్పుడు దేనికైనా తగిలి తిరిగొస్తే ఇయర్‌ఫోన్‌లో కూత వినపడుతుంది. దగ్గరయ్యేకొద్దీ కూతల వేగం పెరుగుతుంది. గోడకు, స్తంభానికి, గేదెకు, మనిషికి, అన్నింటికీ కూసింది. వీధిలో వాళ్ళు నన్ను ఇంజనీరనడం మొదలుపెట్టారు.

డిపోలో బాబాయ్ ఒక్కడే తిరిగి చూపించాల్సిన పరీక్షకు ముందురోజు సాయంత్రం నేనే పెట్టె కట్టుకుని అక్కడికి వెళ్ళాను. అక్కడ రాళ్ళను ఒకదాని వెనక ఒకటి ఏటవాలుగా నిలబెడతారు. వాటి ముందుకు వెళ్తే కూత లేదు. ఇంకో అడుగు వేశాను. లేదు. మోకాలు రాయికి తగిలినా లేదు. నున్నటి రాయి వెనక్కి వాలి ఉండడంతో చప్పుడు నా వైపు రాకుండా పైకి పోతోంది.

పరీక్ష వద్దని చెప్పడానికే వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని ఎదురొచ్చి, "ఎల్లుండి నుంచి మిరపకోతకి వస్తానని చెప్పొచ్చా అబ్బాయ్" అంది. ఆమె సంతోషం చూసి చెప్పలేకపోయానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఇంజనీరన్న మాట పోతుందని భయపడ్డాను.

మర్నాడు ఆయన కర్ర పట్టుకుని బయల్దేరాడు.

"కర్ర ఉంటే ఇంక పెట్టె ఎందుకంటారు బాబాయ్" అని నేనే దాన్ని తీసి మూలన పెట్టాను.

"నీ ఇష్టంరా. నీ పుంజు కూస్తదిగా."

డిపో గేటు స్తంభాన్ని తప్పించుకున్నాడు. లారీ ముందు ఆగి పక్కకు తిరిగాడు. షావుకారుకు బారెడు దూరంలో నిలబడి, "ఇక్కడేదో గుండ్రంగా అడ్డమొచ్చిందే! షావుకారుగారి పొట్టేనా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. షావుకారు కూడా నవ్వి, "సరేలే, రాళ్ళకాడికి పోయి చూపియ్" అన్నాడు.

మధ్యలో పదడుగులుంటుంది. చెవిలో ఏమీ వినపడకపోవడంతో దారి ఖాళీ అనుకుని ఆయన నడక పెంచాడు. 'ఆగు' అంటే చాలు. నోరు తెరిచాను. షావుకారు నా వైపే చూస్తున్నాడు. మూసుకున్నాను.

మోకాలు కొట్టుకుని తూలాడు. నిలదొక్కుకోబోయి రాయి పైఅంచు పట్టుకుని లాగాడు. అది వచ్చి పాదం మీద పడింది. నలుగురూ రాయి ఎత్తుతుంటే నేను పట్టీ విప్పుతూ, బొటనవేలితో స్విచ్చి ఆపేశాను.

"ఏందిరా, కుయ్యలేదేం?" అన్నాడు షావుకారు.

"స్విచ్చి ఆపేసుకున్నాడండీ" అని పెట్టె చూపించాను.

"నేను ముట్టుకోలేదే!" అన్నాడు బాబాయ్, నొప్పితో మూలుగుతూనే.

"రొమ్ము మీదున్న స్విచ్చే తెలియనోడికి రాయిలో పగులేం తెలుస్తదయ్యా?" అన్నాడు షావుకారు. పని అక్కడితో పోయింది.

ఆ ఏడే నేను కొట్టు నరసరావుపేటకు మార్చుకున్నాను. ఐదేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. పాదం పక్కకు వంగిపోయి ఉంది. జరిగిందంతా చెప్పాను. పేనే చేతులు ఆగిపోయాయి.

"అయితే నా చెయ్యి తగల్లా?"

"లేదు బాబాయ్."

"నేనే తగిలించానేమో అనుకున్నాన్రా. ఆ తర్వాత ఇంకో డిపో వాళ్ళు పిలిచారు. నా చేతిని నేనే నమ్మలేక, నేను పోలా." పగ్గం పక్కన పెట్టాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "ఏమే, ఇట్రా! బ్యాటరీ మిగులుద్దని నేనే ఆపానని ఇన్నేళ్ళూ తిడతానే ఉందిరా మీ పిన్ని. దానికి చెప్పు. తర్వాత డిపోకి పోదాం, ఆడ కూడా చెబుదువు."

పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఎప్పుడొచ్చావబ్బాయ్?" అంది. నేను లేచి నిలబడ్డాను. తల దించుకుని ఏదో గొణిగాను.

"గట్టిగా చెప్పరా" అన్నాడు బాబాయ్.

"పిన్నీ, స్విచ్చి ఆపింది బాబాయ్ కాదు, నేను. రాళ్ళ దగ్గర అది కుయ్యదని ముందురోజే తెలిసినా చెప్పలేదు. కర్ర తీసేసిందీ నేనే. తప్పంతా నాది. మీ ఇద్దరూ నన్ను క్షమించండి."