కోటంతా జావ తాగిన పొద్దు

1971 డిసెంబరులో నేను పశ్చిమ సరిహద్దున, ఇసుక దిబ్బల మధ్య ఉన్న ఒక పాత మట్టికోటలో సైన్యం వంటవాణ్ణి. మాది పెద్దపల్లి దగ్గర పల్లె. మూడు పూటలా వరి అన్నం తినే ఇంట్లో పుట్టి, పటాలంలో చేరాక రొట్టెలు కాల్చడం నేర్చుకున్నాను. అక్కడ వంటశాలను లంగర్ అంటారు. లంగర్ వాడికి తుపాకీ పట్టడం కూడా నేర్పుతారు కానీ, యుద్ధం వచ్చినా అతని పొయ్యి ఆరకూడదు.

ఎప్పుడో ఎవరో కట్టించిన ఆ కోటే మా పోస్టు. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే శత్రువులు చుట్టుముట్టారు. వెనక దారి తెగిపోయి రేషన్ ట్రక్కు రావడం ఆగిపోయింది. ఆ తర్వాత ఒక షెల్, అంటే ఫిరంగి గుండు, నీళ్ళ ట్యాంకు మీద పడింది. గిన్నెలు పట్టుకుని పరిగెత్తేలోపే నీళ్ళన్నీ ఇసుకే తాగేసింది. డబ్బాల్లో పట్టి ఉంచిన నీళ్ళే మిగిలాయి. పొగ లేచిన చోటికి గుండ్లు వస్తాయని, ఒక గోడ మూలన కిరోసిన్ స్టవ్వు మీదే వంట చేసేవాణ్ణి.

కోటలో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. రెండోవాడు శంకర్, బెల్లంపల్లి బొగ్గుగని కార్మికుడి కొడుకు. మంచి అందగాడు, ఆ సంగతి అతనికీ తెలుసు. ముందు క్రాపు దువ్వుకున్నాకే బూట్లు తొడుక్కునేవాడు. "రాజన్నా, గీ రొట్టెలు తిని తిని నోరు సచ్చిపోయిందే. జరంత అన్నం వండరాదు?" అని లంగర్ చుట్టూ తిరిగేవాడు.

ఒక పొద్దున షెల్ ముక్క తగిలి అతని దవడ విరిగింది.

గాయపడ్డవాళ్ళను చూసుకునే సిపాయిని నర్సింగ్ అసిస్టెంట్ అంటారు. అతను కట్టు కట్టి, రక్తం గొంతులోకి దిగకుండా శంకర్‌ను ముందుకు వంచి కూర్చోబెట్టాడు. ఆసుపత్రికి పంపే దారి లేదు. సెలైన్ సీసాలు అయిపోయాక నన్ను పిలిచి, "ఇక ఇతను నీ చేతిలో ఉన్నాడు. నమలలేడు. పల్చగా ఏదైనా లోపలికి వెళ్ళకపోతే సాయం వచ్చేదాకా నిలవడు" అన్నాడు.

గోధుమపిండిని నెయ్యిలో వేయించి, పాలపొడి, చక్కెర వేసి జావ కాచాను. ఖాళీ సెలైన్ సీసా గొట్టాన్ని ముక్క కోసి, మరిగించి, దాంతో బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా పోశాను. సగానికి పైగా గడ్డం మీంచి చొక్కా మీదికి కారిపోయింది. ఎదురుగా ఉన్న ఇద్దరు సిపాయిలు చూసి చప్పున తల తిప్పుకున్నారు. అది శంకర్ కంటపడింది. నా చెయ్యి తోసేసి గోడవైపు తిరిగిపోయాడు.

"శంకరూ, జరంత తాగురా. కడుపుల ఏం లేకుంటె ఎట్ల?"

కదల్లేదు.

"మీ అవ్వ అడిగితె నేనేం జెప్పాలెరా?"

దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

మర్నాడూ అంతే. నొప్పి వల్ల తాగడం లేదనుకున్నాం. నాడి నీరసించింది. బతిమాలదామని దుప్పటి అంచు ఎత్తి చూశాను. తాగిందేమీ లేకపోయినా చొక్కా చేతితో గడ్డాన్ని తుడుచుకుంటున్నాడు. మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు తెలిసింది నాకు, నొప్పి కాదు, సిగ్గు.

మా పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. కొండ ప్రాంతం మనిషి. గుబురు మీసాలాయన. ఆయన దగ్గరికి వెళ్ళి, "సాబ్, ఇవాళ రొట్టెలు చేయను. అందరికీ జావే పోస్తాను" అని, ఎందుకో చెప్పాను.

ఆయన నీళ్ళ డబ్బాల వైపు చూశారు. "నీళ్ళు సరిపోతాయా?" అని అడిగారు.

"పిండికీ, పప్పుకీ, తాగడానికీ విడివిడిగా వాడేకంటే తక్కువే పడతాయి సాబ్."

"సరే. చెంచాలు మాత్రం ఇవ్వకు. మగ్గులతోనే తాగుతాం."

మోర్చాల్లో, అంటే కాపలా గుంతల్లో, ఉన్నవాళ్ళు వంతుల వారీగా వచ్చి శంకర్ చుట్టూ కూర్చున్నారు. బయట కాల్పులు వినబడుతూనే ఉన్నాయి. సుబేదార్ సాబ్ ముందు మగ్గు ఎత్తారు. జావ ఆయన మీసాలకు పట్టి, గడ్డం మీంచి కోటు మీదికి కారింది. తుడుచుకోలేదు. ఒక పంజాబీ కుర్రాడు, "సాబ్, మీసాలు కూడా భోంచేస్తున్నట్టున్నాయి" అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వేశారు.

దుప్పటి కదిలింది. శంకర్ తల బయటికి పెట్టి సుబేదార్ మీసాల వంక చూశాడు. అతని కళ్ళు నవ్వాయి. నవ్వితే నొప్పి పుట్టి చెయ్యి దవడ మీదికి వెళ్ళింది. ఆ చెయ్యే తర్వాత నావైపు చాపాడు.

అతని పక్కనే చతికిలబడి, నేనొక గుక్క తాగి, అతనికి కొంచెం పోశాను. ఇద్దరి గడ్డాలూ తడిశాయి. ఎవరూ తల తిప్పుకోలేదు. గిన్నె ఖాళీ అయ్యాక శంకర్ వేలెత్తి ఇంకా కావాలని సైగ చేశాడు.

తర్వాత మా ట్యాంకులు వచ్చి దారి తెరిచాయి. శంకర్‌ను అంబులెన్స్ ఎక్కించే నాటికి, ఆ మీసాల మాట అన్న పంజాబీ కుర్రాడు మాతో లేడు. అతని మగ్గు కడిగి పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఎనభైల్లో, రిటైరయ్యాక, కరీంనగర్‌లో చిన్న మెస్ పెట్టాను. ఒక మధ్యాహ్నం శంకర్ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. దవడ వంకరగా అతుక్కుంది. మాట ముద్దగా వస్తోంది. "ఎవ్వలు పిలిచినా తినెతందుకు రాడన్నా. నీ దగ్గరైతె తింటనన్నడు" అందామె. గిరాకీని పనివాళ్ళకు అప్పగించి, నేనూ కంచం పెట్టుకుని వాళ్ళతో కూర్చున్నాను. పప్పుచారు పెదవి చివరినుంచి జారితే శంకర్ నిదానంగా తుడుచుకుని, "ఇంక జర పొయ్యన్నా" అన్నాడు.

రుచిగా వండి, వేడిగా వడ్డిస్తే వంటవాడి పని అయిపోయిందని అంతకుముందు అనుకునేవాణ్ణి. కోట నుంచి వచ్చాక, మెస్‌లో ఎవరైనా మూలకు వెళ్ళి, గోడకు మొహం పెట్టుకుని తింటుంటే నాకు మనసు ఊరుకోదు. గరిటె పక్కన పెట్టి, నా కంచం తీసుకుని వెళ్ళి వాళ్ళ బల్ల దగ్గరే కూర్చుంటాను.