వాగుకు తూర్పున

మా పెద్దనాన్న కూతురి పొలం మహారాష్ట్రలోని రాజురా అవతల, వాగు ఒడ్డున ఉంది. పత్తి, కంది పండే నల్లరేగడి. పొద్దున గట్టు మీద నిలబడితే వాగు మీదుగా వచ్చే ఎండ మొహాన కొడుతుంది. అంటే వాగు పొలానికి తూర్పున ఉంది. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. నిజాం నాటి ఉర్దూ కాగితంలో హద్దులు రాసినవాడు తూర్పు అని రాసి, దాని ఎదురుగా నాలా, అంటే వాగు, అని రాశాడు. తర్వాత వచ్చిన మరాఠీ కాగితంలోనూ అంతే. రెండు భాషల్లోనూ వాగు ఉన్నచోటే ఉంది. దాన్ని జరిపింది నా ఇంగ్లిష్.

బొగ్గు గని కోసం నాలాకు తూర్పున ఉన్న భూములు తీసుకుంటామని నోటీసు వచ్చింది. అక్క పొలం పడమటి ఒడ్డుదే అయినా, దాని గట్ నంబరు, అదే అక్కడి సర్వే నంబరు, జాబితాలో పడింది. ఎవరో చూసుకోకుండా ఎక్కించారు. అభ్యంతరం ఉంటే ఇంగ్లిష్‌లో రాసివ్వాలన్నారు, ఎందుకంటే భూముల అధికారికి మరాఠీ రాదు. ఆ ఊళ్లో ఇంగ్లిష్ ఎంతమందికి వచ్చని ఎవరూ అడగలేదు. తప్పు వాళ్లది, దిద్దమని అడుక్కోవలసింది ఆమె, అదీ వాళ్లకు వచ్చిన భాషలో. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు ఇంగ్లిష్ పేపర్ల పనిజేసినవ్ కద తమ్మీ, జర వచ్చి చూడు" అని అక్క ఫోన్ చేసింది. చంద్రాపూర్ తుకుంలో ఉన్న మా ఇంటికి తాళం వేసి రాజురా బస్సెక్కాను.

టైపు దుకాణం ఆయన మరాఠీ కాగితం ముందు పెట్టుకుని దరఖాస్తు కొట్టి ఉంచాడు. నంబరు జాబితాలో పడింది, తీసేయండి అని రాసి, మధ్యలో "మై ఫీల్డ్, ఈస్ట్ నాలా" అని పెట్టాడు. అది అసలు వాక్యమే కాదు. ఇలాంటివి పత్రిక డెస్కులో కూర్చుని ఏళ్ల తరబడి దిద్దినవాణ్ని. పెన్ను తీశాను.

"ఈస్ట్‌కు పెద్దక్షరం ఎందుకు పెట్టారు? ప్రాంతం పేరైతే పెద్దక్షరం, ఊరికే దిక్కు చెప్తే చిన్నక్షరం. లోపల ఉంటే ఇన్ ద ఈస్ట్, బయట ఉంటే టు ద ఈస్ట్. చంద్రాపూర్ మహారాష్ట్రలోనే తూర్పు వైపు ఉంది, కాబట్టి ఇన్. తెలంగాణ మన జిల్లా బయట దక్షిణాన ఉంది, దానికి టు."

"నాకు తూర్పంటే పొద్దు పొడిచే దిక్కు సారూ" అన్నాడాయన. "చిన్నక్షరమా, పెద్దక్షరమా, పొద్దుకేమెరుక?"

అక్క నవ్వింది. నేను నవ్వలేదు. "మై ఫీల్డ్ ఈజ్ టు ద ఈస్ట్ ఆఫ్ ద నాలా" అని రాసిచ్చాను. చిన్నక్షరం సరిగ్గా ఉంది. టు సరిగ్గా ఉంది. అర్థం మాత్రం తలకిందులైంది: నా పొలం నాలాకు తూర్పున ఉంది. ఆయన కొట్టిన విరిగిన మాటలైతే, హద్దుల కాగితం చూసిన ఎవరికైనా 'తూర్పున నాలా' అనే అర్థమయ్యేది. నేను వాటిని శుభ్రం చేసి అబద్ధం చేశాను. చిన్నప్పుడు ఎన్ని పొద్దులు ఆ గట్టు మీద కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డానో, అదొక్కటీ ఆ నిమిషాన గుర్తుకు రాలేదు.

విచారణ రోజు అధికారి దరఖాస్తు చదివి కళ్లద్దాలు తీశాడు. "మాతాజీ, మేం తీసుకునేది తూర్పు భూములే. మీది తూర్పున ఉందని మీరే రాశారు. ఇంక అభ్యంతరం దేనికి?" అన్నాడు హిందీలో.

అక్క నావైపు తిరిగింది. "తూర్పున ఉన్నదని ఎవరు రాసిండ్రు?"

"నేనే అక్కా."

"నీ ఇంగ్లిష్‌ల మన్నుపడ! వానకాలం ఎద్దులు దాటని వాగును నా పొలమెట్ల దాటిందిరా?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అధికారి కూడా. బల్ల మీద అద్దం కింద పటం ఉంది. వాగు నీలిగీత, దానికి పడమర ఆమె గట్ నంబరు. వేలు పెట్టి చూపించాను.

"పటం వేరే విభాగం పని. ఇక్కడ రాసిందే చూస్తాం" అన్నాడు.

"పోనీ, మీ కిటికీ ఏ దిక్కుకు ఉందో చెప్పండి."

అతను కిటికీ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి ప్యూన్ వైపు చూశాడు. ఎవరి పొలం ఏ దిక్కున ఉందో తేల్చేవాడు ఇతను.

నేను పత్రికలో పనిచేశానని తెలిశాక గొంతు మార్చి ఇంగ్లిష్‌లోకి వచ్చాడు. దిద్దిన దరఖాస్తు ఇప్పుడే తీసుకుంటాడట. కానీ కింద ఒక వాక్యం ఉండాలట: పొరపాటు నాది అని దరఖాస్తుదారు ఒప్పుకోవాలి. అలా అయితే నంబరు జాబితాలో పడినందుకు ఆఫీసును ఎవరూ అడగరు.

"జాబితా వచ్చాకే కదా ఆమె దరఖాస్తు పెట్టింది?"

"ఫైలులో తేదీలు ఎవరు చూస్తారండీ?"

దరఖాస్తు చెడగొట్టింది నేను, నా పేరే రాసుకోండి అన్నాను. పొలం మీ పేరున లేదు కదా అన్నాడు. నా గొంతు లేచింది. అక్క నా చొక్కా పట్టి గుంజింది.

"ఏందిరా గీ కొట్లాట, నాకొక్క ముక్క సమజైతలేదు. పొలం ఉంటదా, పోతదా? గది చెప్పు."

"సంతకం పెడితే ఉంటది."

"మరి రాయి."

నిలబడే రాశాను. నాలా నా పొలానికి తూర్పున ఉంది, పొరపాటు నాది. పెన్ను కాగితాన్ని చించేలా నొక్కుకుపోయింది.

"ఏం రాసినవ్, సదువు."

"వాగు నా పొలానికి తూర్పున ఉంది. పొరపాటు నాది."

"నీదే గద మరి, ఇప్పుడు మంచిగ రాసినవ్" అంటూ, బడిలో నేర్చిన మరాఠీ అక్షరాల్లో, ఒక్కొక్కటీ ఆగి ఆగి సంతకం పెట్టింది.

తర్వాతి జాబితాలో ఆమె నంబరు లేదు. అవతలి ఒడ్డువాళ్ల పొలాలు పోయాయి. అక్క ఆ ఏడు కూడా పత్తి వేసింది. ఇప్పుడు చుట్టాలు నలుగురు కూడిన చోటల్లా ఇదే చెప్తుంది. "మా తమ్ముడు ఆఫీసర్ ముంగట ఇంగ్లిష్‌ల తప్పు ఒప్పుకున్నడు. గంత చదువుకున్నోడు ఎవడన్న ఒప్పుకుంటడా?" అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఆ ఫైలులో తప్పు ఒప్పుకున్నది తానేనని ఆమెకు తెలియదు. చదివి వినిపించినవాణ్ని నేనే. ఇప్పటికీ చెప్పలేదు.